సిద్ధమని చెప్పి ఆగిపోయిన లాట్

ముత్తుకూరు దాటగానే రొయ్యల వ్యాన్ల వరస మొదలైంది. రొయ్యలు శుద్ధి చేసి ప్యాక్ చేసే ప్లాంటు గేటు ఇంకా కనపడనే లేదు. రోడ్డు వారగా ఒకదాని వెనక ఒకటి ఆగిన బండ్ల కింద నుంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. వేసవి ఎండకు ఆ నీళ్ళు పడిన చోటే ఆరిపోతున్నాయి. డ్రైవర్లు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని బండి నీడన కూర్చున్నారు. కృష్ణపట్నం పోర్టుకు పోయే లారీలు హారన్లు కొట్టుకుంటూ వాళ్ళ పక్కనుంచే దూరి పోతున్నాయి.

“అక్కా, ఇన్ని బండ్లా?” అన్నాడు బైకు నడుపుతున్న సుశీల్ కుమార్.

వెనక కూర్చున్న షాహనా చూపు బండ్ల కిందే ఉంది. కారే ఐసు నీళ్ళ రంగు చూస్తోంది. ఇప్పటికైతే తెల్లగానే ఉన్నాయి. ఎరుపు తిరిగితే రొయ్య చెడిపోతున్నట్టు లెక్క. వాళ్ళ నాన్న దరియావలికి ముత్తుకూరులో ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఈ సంగతులు ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, చూస్తూ పెరిగింది.

ఇద్దరూ నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. సుశీల్ ప్రోగ్రాములు రాస్తాడు, షాహనా డేటాబేసులు చూసుకుంటుంది. ఈ ప్లాంటులో వచ్చిన రొయ్యలను నమోదు చేసే సాఫ్ట్‌వేరు వాళ్ళ కంపెనీదే. కొంతకాలంగా అది నత్తనడక నడుస్తోందని ప్లాంటు నుంచి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. మెమరీ పెంచారు. వెతకడానికి ఎక్కువ సేపు పడుతున్న చోట్లు సరిచేశారు. చివరికి పోయిన వారం మొత్తాన్ని ఇంకా పెద్ద మెషీను మీదికి మార్చారు. నత్తనడక తగ్గలేదు సరిగదా, ఈ రోజు పొద్దున నడకే ఆగిపోయింది.

ఆఫీసు గదిలో ఏసీ నడుస్తున్నా మేనేజరు నరేంద్రబాబు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. వాళ్ళను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

“వచ్చినారా తల్లీ! పొద్దున్నుంచి ఆపి మళ్ళీ ఆన్ చేస్తా ఉండాం. ఇంతకు ముందు అట్టా చేస్తే కొంచేపన్నా పరిగెత్తేది. ఈ రోజు దానికీ పలకడంలా.”

“మొదటిసారి ఎప్పుడు ఆపినారు సార్?” అంది షాహనా.

“మొదటి బండి కాటా మీద ఉన్నప్పుడే. తూకం అయింది, స్లిప్పు రాలా. తెర మీద అది తిరుగుతానే ఉండాది. విసుగొచ్చి నేనే ఆపించినా.”

“ఎవరిది ఆ బండి?”

“నాదేనమ్మా,” అంది గోడ వారగా కుర్చీలో కూర్చున్న ఆవిడ. యాభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్ళకు గుంట బురద ఎండిపోయి ఉంది. “ఆదిశేషమ్మ అంటారు నన్ను. రాత్రంతా గుంటలో రొయ్యల పట్టుబడి చేయించి తెల్లారేలోపల వచ్చినా. మొదట వచ్చినోళ్ళకి తొందరగా అయిపోద్దని.” ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. “రొయ్య మంచిదమ్మా. ఈ తడవ ఒక్క జబ్బు రాలా. ఈ ఐసు కరిగిపోతే మాత్రం ఏం చెయ్యాలో నాకు తెలీదు.”

స్లిప్పు లేకుండా బండ్లను లోపలికి పంపించే వీలు లేదు. ఈ రొయ్యలు పై దేశాలకు పోతాయి. అక్కడ కొన్నవాళ్ళు ఒక ప్యాకెట్ చూపించి ఇది ఏ రైతు గుంటలోది, మందుల పరీక్ష అయిందా అని అడిగితే చెప్పగలగాలి. అందుకే ఒక్కో బండికి ఒక లాట్ నంబరు ఇస్తారు. ఆ లాట్ రెండు చోట్ల నమోదు కావాలి. ఒకటి ప్లాంటు డేటాబేసు. రెండోది, చిల్లకూరు దగ్గర హైవే మీద వేరే యాజమాన్యం నడిపే కోల్డ్ స్టోరేజీ డేటాబేసు. రెండు చోట్లా ఎక్కాలి, లేదా రెండు చోట్లా ఎక్కకూడదు. ఒకచోట ఉండి రెండోచోట లేకపోతే ఆ రొయ్యలు ఎవరివో చెప్పలేని రొయ్యలవుతాయి.

షాహనా కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. సుశీల్ పక్కన నిలబడ్డాడు.

తెర మీద ఎదురుచూస్తున్న పనులు వరసగా కనపడ్డాయి. అన్నీ డేటాబేసు పట్టికలో ఒకే అడ్డవరస కోసం ఎదురుచూస్తున్నాయి. చిల్లకూరులో ఈ రోజుకు ఇంకా ఎంత చోటు మిగిలి ఉందో చెప్పే వరస అది. ఏ బండి లోపలికి రావాలన్నా ఆ అంకెను ముందు తగ్గించాలి. ఒకరు మారుస్తున్నప్పుడు ఇంకొకరు ముట్టుకోకుండా డేటాబేసు దానికి తాళం వేస్తుంది. మార్చడం అవగానే తాళం తీస్తుంది. రెప్పపాటు పని. ఇప్పుడు ఆ తాళం పొద్దున్నుంచి పడే ఉంది.

“తాళం ఎవరు వేసినారో చూద్దాం,” అంది షాహనా.

మామూలుగా ఎదురుచూసేవాళ్ళ పక్కనే, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో కూడా కనపడుతుంది. ఇక్కడ ఆ చోట ఎవరూ లేరు. ఇప్పుడు డేటాబేసుతో మాట్లాడుతున్న కనెక్షన్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఎవరి చేతిలోనూ ఆ తాళం లేదు.

“ఎవరూ వెయ్యని తాళం ఎట్టా పడద్దక్కా?” అన్నాడు సుశీల్. “డేటాబేసే పాడైపోయిందేమో.”

షాహనాకు కూడా ఒక్క క్షణం అదే భయం వేసింది. అదే నిజమైతే ఈ రోజు ఒక్క బండి కూడా లోపలికి పోదు. ఆమె లేచి కూజాలోంచి నీళ్ళు వంచుకుని తాగింది. కిటికీలోంచి బయటికి చూసింది. ఒక డ్రైవరు ట్రే మూత తీసి చెయ్యి లోపలికి పెట్టి చూసి మళ్ళీ మూశాడు. అతని ముఖం ముడుచుకుపోయింది.

తిరిగి వచ్చి కూర్చుంది. భయాన్ని పక్కన పెట్టి, ముందు తెలిసిన సంగతి పట్టుకుంది. మెషీను ఆపితే మామూలు తాళాలన్నీ ఊడిపోతాయి. ఇది ఊడలేదు. ఎన్నిసార్లు ఆపినా ఊడలేదు. ఆపినా పోకుండా నిలిచే తాళం ఒక్కటే రకం ఉంటుంది. రెండు డేటాబేసుల్లో ఒకేసారి ఎక్కాల్సిన పనికి, ‘నేను సిద్ధం’ అని మాట ఇచ్చిన డేటాబేసు పట్టుకునే తాళం. మాట ఇచ్చాక కరెంటు పోయినా, మెషీను ఆగినా ఆ మాట మీద నిలబడాలి. అది కనెక్షన్ల జాబితాలో కనపడదు. దాన్ని వేరేచోట వెతకాలి.

అక్కడ వెతికింది. ఒకే ఒక్క పంక్తి వచ్చింది.

“దొరికింది,” అంది. ఇంకా ఏమీ బాగుపడలేదు, అయినా శత్రువు కంటికి కనపడ్డాడు. “డేటాబేసు పాడు కాలా. మాటిచ్చి నిలబడి ఉండాది, అంతే. ఆదిశేషమ్మ గారి లాట్ ఇది. సిద్ధమని చెప్పి ఆగిపోయింది. దాని వెనక అందరూ ఆగిపోయినారు.”

నరేంద్రబాబు తెర మీదికి వంగాడు. “ఇదొక్కటేనా? అయితే కొట్టేసెయ్ తల్లీ! ఆవిడ బండి మళ్ళీ తూకం వేయించి కొత్తగా ఎక్కిద్దాం. ఎంతసేపు పని?”

“రెప్పపాటు పని సార్. కానీ ఇప్పుడు చెయ్యకూడదు.”

“ఎందుకు చెయ్యకూడదు? బయట చూస్తా ఉండావా?”

“చూస్తానే ఉండా. సార్, మా నాయన ఫ్యాక్టరీలో పెద్ద ఐసు దిమ్మె ఉంటే ఇద్దరు చెరోపక్క కొక్కేలు తగిలిస్తారు. మేస్త్రీ నడమ నిలబడి ఇద్దర్నీ సిద్ధమా అని అడుగుతాడు. ఇద్దరూ సిద్ధం అంటేనే ఎత్తమంటాడు. మనకీ అట్టాంటి మేస్త్రీ ప్రోగ్రాం ఒకటుంది. పొద్దున మీరు ఆపినప్పుడు ఆ మేస్త్రీ మాట మధ్యలో పోయినాడు. ఎత్తమన్నాడో దించమన్నాడో మన డేటాబేసుకి వినపళ్ళా. చిల్లకూరుకి వినపడిందేమో తెలీదు. ఆడ ఎత్తేసి ఉంటే, ఈడ మనం వదిలేస్తే ఏమవద్ది?”

నరేంద్రబాబు తెర మీంచి వెనక్కి జరిగాడు.

“చిల్లకూరులో ఈ లాట్ ఉంటుంది, మనకాడ ఉండదు. మళ్ళీ కొత్త లాట్ ఎక్కిస్తే ఒకే గుంట రొయ్యలు ఆడ రెండు లాట్లు అవుతాయి. తనిఖీలో ఒకటి దొంగ లాట్ అంటారు. ఏది దొంగదో ఎవరూ చెప్పలేరు. రెండూ పక్కన పెట్టేస్తారు.”

“నా రొయ్యల్నా?” అంది ఆదిశేషమ్మ.

“అందుకే అడక్కుండా కొట్టెయ్యనమ్మా. చిల్లకూరులో ఏం జరిగిందో తెలిస్తే చాలు, ఏం చెయ్యాలో అదే చెప్తుంది.”

చిల్లకూరు కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసే ఆవిడ చెంచులక్ష్మి. వాళ్ళ డేటాబేసులోకి పోయే అధికారం షాహనాకు లేదు, ఆవిడే చూసి చెప్పాలి. ఫోను చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆఫీసు నంబరుకు చేస్తే ఎవరో తీసి, మేడం సరుకు సర్దుడు చూడటానికి చల్లగదుల్లోకి పోయింది, ఆ గోడల మధ్య సిగ్నలు ఉండదు, వచ్చినాక చెప్తాం అన్నారు. మనిషిని పంపించమని షాహనా బతిమాలింది.

“అందాకా ఆగాలనా?” నరేంద్రబాబు గొంతు పెరిగింది. “అమ్మా, నేనేమీ చెడ్డోణ్ణి కాను. ఆ బయట ఉన్నోళ్ళంతా నన్ను నమ్ముకోని వచ్చినోళ్ళు. ఆవిడ బయటికొచ్చేలోపల సగం బండ్లు చెడిపోతే ఎవరు బాధ్యులు?”

ఆయన చెప్పేదీ నిజమే. ఆగితే అందరి రొయ్యలూ పోతాయి, తొందరపడితే ఒకరివి పోతాయి. ఆ ఒకరు ఎదురుగా కూర్చుని ఆమె ముఖం వంకే చూస్తోంది.

కావాల్సింది కొంచెం వ్యవధి. అది కంప్యూటరులో దొరికేది కాదని తట్టగానే షాహనా మళ్ళీ ఫోను తీసింది.

“నాయనా, ఐసు కావాల. ప్లాంటు గేటు కాడికి.”

“ఎంత పాపా?”

“ఉండేదంతా. రోడ్డంతా బండ్లు నిలిచిపోయినాయి.”

అవతల దరియావలి రెండో మాట అడగలేదు. “బోట్లోళ్ళకని కొంచెం పెట్టినా. వాళ్ళకి రేపు సర్దుకుందాంలే. వస్తా ఉండా,” అన్నాడు.

ఆయన లారీ వచ్చిన చప్పుడు లోపలికే వినపడింది. ఐసు నలగ్గొట్టే మిషను కూడా లారీ వెనకే కట్టి తెచ్చాడు. గేటు దగ్గర అది గరగరమని మొదలయ్యేసరికి నీడన కూర్చున్న డ్రైవర్లందరూ లేచారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని గోల మొదలవబోతుంటే దరియావలి లుంగీ ఎగ్గట్టి లారీ మీద నిలబడి, “ముందు ఎవరి ఐసు కరిగిందో వాళ్ళకి! నాకు కంటికి కనపడతా ఉండాదిలే, అరవబాకండి!” అన్నాడు. ఒక్కో ట్రే మీదా తెల్లటి ఐసు పొర పరుచుకుంటూ పోయింది. ఆదిశేషమ్మ కూడా బయటికి పోయి తన బండికి తానే గంపతో ఐసు మోసుకుంది.

కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న నరేంద్రబాబు వెనక్కి తిరిగాడు.

“సరేనమ్మా,” అన్నాడు. “ఆగుదాం. నీకు తోచినట్టే చెయ్యి.”

చెంచులక్ష్మి ఫోను వచ్చేసరికి ఐసు సగం వరసకు అందింది. చల్లగదిలోంచి నేరుగా వచ్చినట్టుంది, ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి.

“చెప్పు షాహనా. ఏమైందంట?”

షాహనా ఏం చూడాలో ఒక్కొక్క మాటా చెప్పింది. ముందు అక్కడ కూడా సిద్ధమని చెప్పి ఆగినవి ఏమైనా ఉన్నాయేమో చూడమంది. అవతల కీబోర్డు చప్పుడు. సుశీల్ రెండు చేతులూ కట్టుకుని నేల చూస్తున్నాడు.

“లేవు. ఒక్కటీ లేదు.”

“ఇప్పుడు ఈ లాట్ చూడండక్కా.” నంబరు చదివింది.

“ఉండు.” మళ్ళీ కీబోర్డు. “ఉండాది. ఆదిశేషమ్మ పేరు మీద. మాకాడ ఖాయమైపోయింది పొద్దున్నే.”

“తూకం?”

చెంచులక్ష్మి తూకం చెప్పింది, గుంట నంబరు చెప్పింది, మేస్త్రీ ప్రోగ్రాం ఆ పనికి పెట్టుకున్న గుర్తు కూడా అక్షరం అక్షరం చదివింది. షాహనా తెర మీద వేలు పెట్టి పోల్చుకుంటూ పోయింది. అన్నీ ఒకటే. అంటే ఎత్తమనే మాట చిల్లకూరుకు అందింది. ఇక్కడికి అందేలోపల మెషీను ఆపేశారు. ఇందాక కొట్టేసి ఉంటే చెయ్యకూడని పనే చేసినట్టయ్యేది.

ఆమె నరేంద్రబాబు వైపు తిరిగింది. “ఆడ ఎక్కేసింది సార్. మనం కూడా ఎక్కించెయ్యాల.”

ఆయన ముఖం పాలిపోయింది. ఇంతకు ముందు కొట్టేసెయ్ అన్నది తానే. “ఎక్కించెయ్ తల్లీ,” అన్నాడు మెల్లగా.

షాహనా ఖాయం చెయ్యమనే ఆదేశం టైపు చేసింది. సుశీల్‌తో మళ్ళీ ఒకసారి చదివించింది. ఎంటర్ నొక్కింది.

తెర మీద పెద్దగా ఏమీ జరగలేదు. అయిపోయిందని ఒక చిన్న మాట వచ్చింది. పక్క గదిలో మాత్రం కాటా దగ్గరి ప్రింటరు ఒక్కసారిగా కదిలింది. ఆదిశేషమ్మ స్లిప్పు. దాని వెనకే ఇంకొకటి. పొద్దున్నుంచి ఆగిన పనులన్నీ ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే తెర మీది వరస పై నుంచి కరుగుతూ వచ్చింది. చూస్తుండగానే ఖాళీ అయింది.

కాటా దగ్గర ఎవరో “వచ్చేసింది, వచ్చేసింది!” అని అరిచారు. గేటు తెరుచుకుంది. మొదటి బండి ఇంజను చప్పుడు, ఆ వెనక రోడ్డు పొడుగునా ఇంజన్లు అందుకున్న చప్పుడు. సుశీల్ అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. షాహనా అతనికి చెయ్యి అందించి లేపింది.

రొయ్యలను పరీక్షించే అమ్మాయి బండి బండికీ వేడిమి చూస్తూ పోయింది. అన్నీ చల్లగానే ఉన్నాయి. వరస చివరి బండిలో పై ట్రేలు కొన్ని మాత్రం మెత్తబడ్డాయి, వాటిని పక్కకు తీశారు. మిగతా అంతా లోపలికి పోయింది. ఆదిశేషమ్మ స్లిప్పు మడిచి జాకెట్లో పెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చింది. షాహనా గడ్డం పట్టుకుని, “నీ కడుపు చల్లగుండ,” అంది. ఇంకేదో అనబోయి మాట రాక, పక్క కుర్చీలో కూర్చుని నిద్రపోయింది. ఆవిడ డ్రైవరు వచ్చి పిలిచినా లేవలేదు. పోనీలే, పడుకోనీ అన్నారు అందరూ.

మధ్యాహ్నం ప్లాంటు క్యాంటీన్లో అన్నం పెట్టించాడు నరేంద్రబాబు. దరియావలిని కూడా బలవంతాన కూర్చోబెట్టాడు. పప్పు, బెండకాయ వేపుడు, చేపల పులుసు. ఆకలి తెలీనంతగా భయపడి ఉన్నారు కాబట్టి ఇప్పుడు అందరూ రెండోసారి పెట్టించుకుని తిన్నారు.

సుశీల్ మాత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“ఏమైంది?” అంది షాహనా.

“అక్కా, ఈ రోజు తాళం కత సరే. నెల నుంచి నిదానంగా నడస్తా ఉండేది దేనివల్లనో నాకు తెలిసిపోయింది.” అతను గొంతు తగ్గించాడు. “లాట్ నమోదైందని రైతుల ఫోన్లకి పోయే మెసేజ్. నేను పెట్టింది. సిద్ధమా అని అడిగినాక, ఎత్తమని చెప్పేలోపల పెట్టినా. మెసేజ్ పోయిందాకా రెండు డేటాబేసులూ తాళాలు పట్టుకోని నిలబడతాయి. మెసేజ్ కంపెనీ నిదానమైతే మనమూ నిదానమే. నా ఉద్యోగం పోద్దేమో.”

ఆ సంగతి షాహనాకు కూడా పొద్దున్నే అనుమానం వచ్చింది. చిల్లకూరు ఫోను కోసం ఎదురుచూస్తూ, పాత లాట్లు ఎక్కడ ఎక్కువ సేపు నిలబడ్డాయో చూసినప్పుడు ప్రతి ఒక్కటీ అదే చోట ఆగి కనపడింది. అతనే చెప్పేదాకా ఆగింది, అంతే.

నరేంద్రబాబుకు వినపడనే వినపడింది. చెయ్యి కడుక్కుని వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు.

“ఆడ పెట్టమన్నది ఎవరబ్బయ్యా?” అన్నాడు.

సుశీల్ తలెత్తాడు.

“నేను. మెసేజ్ పోయిందని తెలిస్తేనే స్లిప్పు ఇయ్యమని నీతో కొట్లాడింది నేను. రైతు చేతిలో ఫోను మోగకుండా బండి కదలకూడదన్నా. ఊరికే నిన్ను అంటే నాకు పాపం తగలద్ది.”

“మెసేజ్ మంచిదే సార్,” అంది షాహనా. “పెట్టిన చోటు మారిస్తే చాలు. రెండు చోట్లా ఖాయమైనాక పంపిద్దాం. రైతుకు ఒక నిమిషం ఆలస్యమైతే ఏం పోదు, తాళం ఒక నిమిషం పట్టుకుంటే అందరూ ఆగిపోతారు.”

ఇంకొకటి కూడా ఉంది. ఇంతకు ముందు ఎన్నోసార్లు ఆపి ఆన్ చేసినా ఇట్లా కాలేదు, ఈ రోజే ఎందుకైంది? అన్నం తిన్నాక ఇద్దరూ దాని వెంట పడ్డారు. మేస్త్రీ ప్రోగ్రాం తాను ఎవరికి ఏం చెప్పిందో డిస్కులో ఒకచోట గుర్తు పెట్టుకుంటుంది. ఆగి మళ్ళీ లేచినప్పుడు ఆ గుర్తులు చూసి, అందని మాట మళ్ళీ చెబుతుంది. కొత్త మెషీనులో ఆ గుర్తులు తాత్కాలిక ఫైళ్ళ చోటికి పోతున్నాయి. మెషీను ఆగి లేచినప్పుడల్లా ఆ చోటు తుడిచిపెట్టుకుపోతుంది. పాత మెషీను మేస్త్రీ లేచి తన పని తాను పూర్తి చేసుకునేవాడు. కొత్త మెషీను మేస్త్రీ లేచేసరికి అంతా మరిచిపోయి ఉన్నాడు.

“నిదానంగా ఉండాదని కొత్త మెషీను పెట్టినాం, దాంతోనే అసలుకే ఎసరొచ్చింది,” అన్నాడు సుశీల్. ఈసారి అతని గొంతులో భయం లేదు. పని దొరికినవాడి ఉత్సాహం ఉంది.

సాయంత్రంలోపల రెండూ మార్చారు. సిద్ధమని చెప్పి ఎక్కువసేపు ఆగిన పని ఏదైనా ఉంటే షాహనా ఫోనుకూ చిల్లకూరులో చెంచులక్ష్మి ఫోనుకూ తెలిసేటట్టు ఒక కాపలా కూడా పెట్టారు. బయటికి వచ్చేసరికి రోడ్డు మీద ఒక్క వ్యానూ లేదు. ఐసు లారీ దగ్గర దరియావలి కూతురి కోసం ఆగి ఉన్నాడు.

“ఇంట్లో మీయమ్మ నిన్ను చూసి శానా రోజులైందంట. ఈ పూటకు నెల్లూరు పోబాక,” అన్నాడు.

ఆమె లారీ ఎక్కింది. ముత్తుకూరు దాకా ఆయన ఏమీ అడగలేదు. ఇంటి దగ్గర దిగుతుంటే మాత్రం, “ఆ కొక్కేల సంగతి నిజంగా నా ఫ్యాక్టరీ గురించే చెప్పినావా?” అన్నాడు. నరేంద్రబాబు చెప్పినట్టున్నాడు. ఆమె అవునంది. ఆయన మీసం కింద నవ్వుకుంటూ లారీ వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ప్లాంటులో బండి కాటా దిగేలోపలే స్లిప్పు రావడం మొదలైంది. కానీ షాహనాకు అది చాలలేదు. మళ్ళీ మధ్యలో లైను తెగితే ఏమవుతుందో కళ్ళతో చూడాలి. అమావాస్య దాకా ఆగింది. అమావాస్యకు రొయ్య పెంకు విడుస్తుంది, ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అందుకని ఎవరూ పట్టుబడి పెట్టరు. ప్లాంటుకు బండ్లు రావు.

ఆ పొద్దున ఆమె, సుశీల్ మళ్ళీ వచ్చారు. ఉత్తుత్తి లాట్లు కొన్ని తయారుచేశారు. చిల్లకూరులో చెంచులక్ష్మి ఫోను పట్టుకుని తెర ముందు కూర్చుంది. నరేంద్రబాబు తలుపు దగ్గర నిలబడ్డాడు. లాట్లు వరసగా ఎక్కుతుండగా, నడిమధ్యలో, షాహనా చిల్లకూరు లైను కేబులు పీకేసింది. సుశీల్ మెషీనును కూడా ఆపి మళ్ళీ ఆన్ చేశాడు, మేస్త్రీ ప్రోగ్రామును మాత్రం లేపలేదు.

ఒక లాట్ సిద్ధమని చెప్పి ఆగిపోయింది. దాని వెనక మిగతావి నిలిచిపోయాయి. కొద్దిసేపటికి షాహనా ఫోనూ, అక్కడ చెంచులక్ష్మి ఫోనూ ఒకేసారి మోగాయి. నరేంద్రబాబు తెలీకుండానే రెండడుగులు ముందుకు వచ్చాడు.

“ఏం కాదు సార్,” అంది షాహనా. కేబులు మళ్ళీ పెట్టింది. సుశీల్ ప్రోగ్రాం లేపాడు.

మేస్త్రీ లేచాడు. తన గుర్తులు చూసుకున్నాడు. చెప్పాల్సిన మాట రెండు చోట్లా చెప్పాడు. ఎవరూ ఏ తాళమూ తియ్యకుండానే ఆగిన లాట్ కదిలింది, వెనకవన్నీ దాని వెంట కదిలాయి.

“నాకాడ కూడా ఎక్కింది,” అంది ఫోనులో చెంచులక్ష్మి. “రెండు పక్కలా సమానం.”

సుశీల్ కుర్చీ వెనక్కి వాలాడు. నరేంద్రబాబు కాసేపు తెర వంక, కాసేపు కేబులు వంక చూశాడు.

“అమ్మా,” అన్నాడు. “ఏమనుకోబాక. ఇంకోసారి పీకు, చూస్తా.”

షాహనా నవ్వి, పక్కకు జరిగి, ఈసారి కేబులు ఆయన చేతికే ఇచ్చింది.